ఆ లెక్కలో మీ పళ్లెం ఏది?

ఒక తల్లి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు బయటపెట్టవద్దన్నారు. ఆమెకు ముప్పై ఏడేళ్లు. ఇంట్లో భర్త, పదకొండేళ్ల అమ్మాయి, ఆరేళ్ల అబ్బాయి, మధుమేహమూ రక్తపోటూ ఉన్న అత్తగారు. ఎనిమిది నెలల క్రితం ఆమె ఉద్యోగం పోయింది. అప్పటి నుంచి ఇల్లు ఒక్క జీతం మీదే నడుస్తోంది. ఏది తగ్గినా పిల్లల తిండి మాత్రం తగ్గకూడదని ఆమె పట్టుదల. అందుకే సేంద్రియ కూరగాయలే కొంటున్నారు. పిల్లల ఎదుగుదలకని పాలలో కలిపే పోషకాల పొడి, అత్తగారి రక్తపోటుకు మంచిదని ఖరీదైన రాతి ఉప్పు, ఎవరో మంచివని చెప్పిన గింజలు కూడా కొంటున్నారు. ఇరవయ్యో తేదీకల్లా డబ్బు అయిపోతోంది. మిగిలిన పది రోజులూ అన్నం, బంగాళాదుంపలతో గడుస్తున్నాయి. 'ఇంత ఖర్చు పెట్టి రుచీపచీ లేని తిండి పెడుతున్నావు' అంటూ భర్త వారానికి రెండు మూడు సాయంత్రాలు బయటి నుంచి ప్యాకెట్లు తెస్తారు. పిల్లలు వాటి కోసమే ఎదురుచూస్తారు. అబ్బాయి కూర ముట్టడు. 'వాడు వదిలేసింది నేను తింటాను, పారేయడానికి మనసొప్పదు' అని రాశారు. చివరి పేజీలో, అడుగున, రెండే వాక్యాలు: 'ఈ మధ్య మెట్లెక్కితే ఆయాసం వస్తోంది, కళ్లు తిరుగుతున్నాయి. అదేమీ పెద్ద విషయం కాదు లెండి.' ఆ తర్వాత అసలు ప్రశ్న: 'డబ్బు లేనివాళ్లకు ఆరోగ్యం అందని పండేనా? నేను ఎక్కడ తప్పు చేస్తున్నాను?'

అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీ ఇంట్లో ఎవరు ఏమి తింటారో మీరు ఎంతో వివరంగా రాశారు. పిల్లలిద్దరికీ పొద్దున చెరొక గుడ్డు, ఆయనకు రెండు, అత్తగారికి రాత్రిపూట ఒక గ్లాసు పాలు. మీరేమి తింటారో తెలిపే వాక్యం నాలుగు పేజీల్లో ఒక్కటే ఉంది. అది అబ్బాయి వదిలేసిన కూర గురించి. అయిదుగురున్న ఇంట్లో నాలుగు పళ్లాలే కనిపించాయి నాకు. మీరు పెద్ద విషయం కాదన్న దగ్గరి నుంచే మొదలుపెడతాను.

ఆయాసానికీ కళ్లు తిరగడానికీ కారణాలు చాలా ఉండవచ్చు. ఉత్తరం చదివి రోగం చెప్పడం నా పని కాదు. కానీ మీ వయసు స్త్రీలో, ఇలా తింటున్నప్పుడు, వైద్యులు మొదట చూసేది రక్తహీనతనే. గర్భవతి కాని స్త్రీలో హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12 గ్రాముల కన్నా తక్కువ ఉంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని రక్తహీనతగా లెక్కిస్తుంది. అది తేలడానికి చిన్న రక్తపరీక్ష చాలు. ఈ వారమే చేయించుకోండి. నెలసరి వచ్చే స్త్రీకి పురుషుడి కన్నా ఎక్కువ ఇనుము కావాలి. మీ ఇంట్లో అందరికన్నా ఎక్కువ కావలసిన మనిషికే అందరికన్నా తక్కువ అందుతోంది. పరీక్షలో లోపం తేలితే తిండి ఒక్కటే సరిపోకపోవచ్చు, వైద్యులు మాత్రలు ఇస్తారు, కొన్ని నెలలు వాడమంటారు. ఆ ఖర్చును పిల్లల తిండిలోంచి తీసిన డబ్బుగా చూడకండి. మీరు మంచాన పడితే ఆ వంటింట్లో పొయ్యి వెలిగించేది ఎవరో ఒక్కసారి ఆలోచించండి.

ఇక మీ తప్పు సంగతి. ఎర్నస్ట్ ఎంగెల్ అనే జర్మన్ గణాంకవేత్త 1857లో కుటుంబాల ఖర్చులు పరిశీలించి ఒక విషయం తేల్చారు. ఆదాయం తగ్గేకొద్దీ అందులో తిండికి పోయే వాటా పెరుగుతుంది. రెండు జీతాలున్నప్పుడు కనిపించని కిరాణా ఖర్చు ఒక్క జీతం అయ్యేసరికి ఇల్లంతా పరుచుకున్నట్టు కనిపించడం మీ చేతకానితనం వల్ల కాదు. ఇల్లు నడపడం మీకు చేతకాలేదన్న బాధ ఒకటి, డబ్బు ఏ వస్తువులకు పోతోందన్న లెక్క ఒకటి. ఉత్తరంలో ఈ రెండూ కలిసిపోయాయి. బాధను కాసేపు పక్కన పెట్టి లెక్క చూద్దాం.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపిన వాక్యం ఇది: 'సేంద్రియ కూరలు ఖరీదు కాబట్టి పూటకు అరకిలోతో సరిపెడతాను.' పూటకు అరకిలో అంటే రెండు పూటలకు కిలో. పదేళ్లు దాటినవారికి రోజుకు కనీసం 400 గ్రాముల కూరగాయలూ పండ్లూ అందాలని, ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు 350 గ్రాములు అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బంగాళాదుంప లాంటి పిండి దుంపలు ఇందులోకి రావు. మీ అయిదుగురికీ కలిపితే దాదాపు రెండు కిలోలు. మీరు వండుతున్నది అందులో సగం, అదీ నెలలో మొదటి ఇరవై రోజులే. చివరి పది రోజులు దాదాపు సున్నా. పురుగుమందుల భయం మీ ఇంట్లో కూరగాయలనే తగ్గించేసింది. ఇందులో మిమ్మల్ని తప్పుపట్టను, పిల్లల మీద ప్రేమతోనే ఇలా జరిగింది. కానీ జరిగింది ఇది.

2012లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రెండు వందలకు పైగా అధ్యయనాలను ఒక్కచోట చేర్చి పరిశీలించారు. సేంద్రియ ఆహారంలో పోషకాలు చెప్పుకోదగినంత ఎక్కువని చూపే గట్టి ఆధారం వారికి దొరకలేదు. పురుగుమందుల అవశేషాలు మాత్రం అందులో తక్కువగా కనిపించాయి. కాబట్టి మీ భయం వట్టిది కాదు. అయితే మీ ముందున్నది సేంద్రియమా మామూలుదా అన్న ఎంపిక కాదు. సేంద్రియం ఒక కిలోనా, మామూలువి రెండు కిలోలా అన్నది. నేనైతే రెండు కిలోల వైపే ఉంటాను. పారే నీటిలో చేత్తో రుద్ది కడిగితే, క్యాబేజీ లాంటివాటి పై ఆకులు తీసేస్తే, తొక్క తీయగలిగినవాటికి తొక్క తీస్తే అవశేషాలు కొంత తగ్గుతాయి, పూర్తిగా పోవు. మీకు మరీ బెంగగా ఉంటే మధ్యదారి ఒకటుంది. పచ్చిగా, తొక్కతో తినే ఒకటి రెండు రకాలను మాత్రం సేంద్రియంగా కొని, తొక్క తీసి వండేవాటిని మామూలువి తీసుకోండి. ఖర్చు కొంతే తగ్గుతుంది, కానీ రాత్రి నిద్ర పడుతుంది. ఈ రెండింటిలో ఏది మీకు సరిపడుతుందో మీకే బాగా తెలుస్తుంది.

పిల్లల పొడి డబ్బాను ఇవాళ సాయంత్రం వెనక్కి తిప్పి చదవండి. చాలా దేశాల్లో దినుసులను బరువు ప్రకారం, ఎక్కువ ఉన్నది ముందు వచ్చేలా రాయాలన్న నియమం ఉంది. చక్కెర మొదటి మూడు పేర్లలో ఉంటే మీరు కొంటున్నదాంట్లో తీపి ఎక్కువే. నూరు గ్రాములకు చక్కెర ఎంతో కూడా అక్కడే ఉంటుంది. ముప్పై గ్రాములు ఉందనుకోండి. పూటకు పాతిక గ్రాముల పొడి కలిపితే ఏడున్నర గ్రాములు, రెండు పూటలకు పదిహేను. పాలు తమంతట తాముగానే మంచి ఆహారం. నూరు మిల్లీలీటర్లకు మూడు గ్రాములకు పైగా మాంసకృత్తులు, ఎముకలకు కావలసిన కాల్షియం అందులో ఉన్నాయి. పిల్లలు ఎత్తూ బరువూ సరిగ్గా పెరుగుతున్నారని వైద్యులు చెబుతుంటే ఆ పొడి అవసరం లేదు. ఒక్కసారిగా ఆపితే పాలు కూడా మానేస్తారని భయపడుతున్నారు, ఆ భయం సహజమే. రోజూ వేసేదాంట్లో వారానికి పావు వంతు చొప్పున తగ్గించుకుంటూ నెలలో బయటపడవచ్చు. ఒక్కసారిగా ఆపితే మొదటి రోజు గొడవ తప్పదు, నెమ్మదిగా తగ్గిస్తే గొడవ తక్కువ కానీ ఇంకో డబ్బా కొనవలసి వస్తుంది. నాకు నెమ్మదిగా తగ్గించడమే నచ్చుతుంది.

రాతి ఉప్పు గురించి తేల్చి చెప్పగలను. రంగు ఏదైనా, ధర ఎంతైనా అందులో ఉన్నది ముఖ్యంగా సోడియం క్లోరైడే. అత్తగారి రక్తపోటుకు కావలసింది ఉప్పు రకం మార్చడం కాదు, ఉప్పు తగ్గించడం. పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచాకు మించకూడదు. పైగా ఆ ఉప్పులో అయోడిన్ కలపకపోతే ఎదిగే పిల్లలకు నష్టం. అయోడిన్ ఉన్న మామూలు ఉప్పు, అదీ తక్కువగా, ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. 'తక్కువ సోడియం' అని రాసిన ఉప్పు కొనాలనిపిస్తే ముందు వైద్యులను అడగండి. వాటిలో పొటాషియం ఉంటుంది. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి, కొన్ని రక్తపోటు మాత్రలు వాడేవారికి అది ప్రమాదం కావచ్చు.

మాంసకృత్తుల సంగతికి వస్తే, మీరు కొంటున్న గింజలు చెడ్డవి కావు. కానీ ప్యాకెట్ ధరను అందులో ఉన్న మాంసకృత్తుల గ్రాములతో భాగించి చూడండి. అదే లెక్కను పప్పులకు, శనగలకు, వేరుశనగలకు, గుడ్లకు వేయండి. ఈ చిన్న భాగహారం ఏ ప్రకటన కన్నా నిజం చెబుతుంది. ఎండు పప్పుల బరువులో అయిదో వంతుకు పైగా మాంసకృత్తులే. సోయాబీన్‌లో మూడో వంతు కన్నా ఎక్కువ. ఒక గుడ్డులో ఆరు గ్రాములు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి శరీర బరువులో కిలోకు 0.83 గ్రాముల చొప్పున అంటే యాభై నాలుగు కిలోల మనిషికి రోజుకు నలభై అయిదు గ్రాములు చాలు. 75 గ్రాముల పప్పులో పదహారు, ఒక గుడ్డులో ఆరు, ఒక గ్లాసు పాలలో ఆరు వస్తే, మిగిలినది రోజంతా తినే ధాన్యమే సమకూరుస్తుంది. ధాన్యాల మాంసకృత్తుల్లో లైసిన్ అనే భాగం తక్కువ, పప్పుల్లో అది పుష్కలం. పప్పుల్లో తక్కువైన మెథియోనిన్ అనే మరో భాగం ధాన్యాల్లో ఉంటుంది. అందుకే ధాన్యమూ పప్పూ కలిపిన భోజనంలో ఒకదాని లోటును మరొకటి తీరుస్తుంది. పీచు ఎక్కువ కాబట్టి పప్పులు, కూరలు అత్తగారి మధుమేహానికీ మేలే. ఆమె కోసం వేరే వంట చేయనవసరం లేదు, ఆమె పళ్లెంలో అన్నం తగ్గించి కూర పెంచితే చాలు. ఆమె మాత్రలు వాడుతుంటే ఈ మార్పు గురించి వైద్యులకు ఒక మాట చెప్పండి.

పప్పులూ ఆకుకూరల్లోని ఇనుము శరీరానికి అంత తేలికగా పట్టదు. నిమ్మరసమో టమాటానో, విటమిన్ సి ఉన్న ఏదో ఒకటి అదే భోజనంలో ఉంటే బాగా పడుతుంది. టీ, కాఫీలు భోజనంతో పాటు తాగితే పట్టడం తగ్గుతుంది, గంట ఎడం ఉంచండి. ఇది ముఖ్యంగా మీ కోసం రాస్తున్నాను. 'ఆకలి చచ్చిపోవడానికి టీ తాగేస్తాను' అని మీరు రెండో పేజీలో రాసిన మాట నేను మరిచిపోలేదు.

ఇరవయ్యో తేదీ గండం దాటడానికి రెండు దారులున్నాయి. జీతం రాగానే నెలకు సరిపడా ధాన్యం, పప్పులు, నూనె కొనేసి, కూరలూ పండ్లూ పాలూ గుడ్ల డబ్బును నాలుగు వారాలకు నాలుగు కవర్లలో పెట్టడం ఒకటి. నెల చివర్లో మిగిలే రెండు మూడు రోజులకు కొంత విడిగా ఉంచాలి. మూడో వారం కవరు మొదటి వారంలో తెరవాలనిపిస్తుంది, అక్కడ నిగ్రహం కావాలి. లేదా నెలకు సరిపడా కొనే సొమ్ము ఒక్కసారిగా చేతిలో లేకపోతే, వారానికోసారి మాత్రమే కొనండి. ధర కొంచెం ఎక్కువ పడవచ్చు కానీ చివరి వారం ఖాళీగా మిగలదు. ఏ దారి పట్టినా తెచ్చిన ఆకుకూరలు మొదటి రెండు రోజుల్లో వండేసి, క్యారెట్లు, క్యాబేజీ, గుమ్మడి లాంటి నిలవ ఉండేవాటిని వారం చివరికి ఉంచుకోండి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో వృథా అయిన 105 కోట్ల టన్నుల ఆహారంలో దాదాపు 60 శాతం ఇళ్లలోనే పోయింది. మీ ఇంట్లో ఎంత పోతోందో ఒక వారం రాసి చూడండి. మీకు తెలియకుండా జారిపోయే డబ్బు అక్కడ కనిపించవచ్చు.

శనగలు, బీన్స్ లాంటివి ఒకేసారి ఎక్కువ నానబెట్టి ఉడికించి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు సాగుతాయి. అలసిపోయిన సాయంత్రం ప్యాకెట్ వైపు చేయి వెళ్లకుండా ఆపేది ఆ గిన్నే. ఎర్రని రాజ్మా గింజలను మాత్రం నానబెట్టిన నీళ్లు పారబోసి, బాగా మరిగించి ఉడికించాలి. సరిగ్గా ఉడకని గింజలు వాంతులు తెప్పిస్తాయి. మిగిలిన అన్నాన్ని గంటల తరబడి బయట ఉంచకండి. రెండు గంటల లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. దానిలో పెరిగే కొన్ని సూక్ష్మజీవుల విషం మళ్లీ వేడి చేసినా పోదు.

ఇప్పుడు మీ అబ్బాయి. 'వాడు ముట్టడు' అని రాశారు. ఒక కొత్త రుచిని పిల్లలు ఒప్పుకోవడానికి ఎనిమిది పదిసార్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువసార్లు దాన్ని చూసి, నోట పెట్టుకుని చూడవలసి వస్తుంది. మనం సాధారణంగా మూడోసారికే 'వాడికి ఇష్టం లేదు' అని తీర్పు చెప్పేస్తాం. పోషకాహార నిపుణురాలు ఎలిన్ సాటర్ పనులను ఇలా పంచారు: ఏమి వడ్డించాలో, ఎప్పుడు, ఎక్కడ తినాలో పెద్దల నిర్ణయం. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పిల్లల నిర్ణయం. ఈ విభజన తేలికగా కనిపిస్తుంది కానీ పళ్లెం వైపు చూస్తూ నోరు మూసుకుని కూర్చోవడం తల్లికి చాలా కష్టం. నాకు తెలుసు. వాడి పళ్లెంలో రెండే చెంచాల కూర పెట్టండి. బతిమాలవద్దు, లంచంగా తీపి ఇవ్వవద్దు. రెండు చెంచాలు పోతే పోయేది రెండు చెంచాలే, దాన్ని పారేయలేక మీరు తినవలసిన అవసరమూ ఉండదు.

మీవారి మాట మిమ్మల్ని చాలా నొప్పించింది. ఆ మాటను విడదీసి చూస్తే అందులో ఒక నిజం ఉంది: ఆ తిండి రుచిగా లేదు. ఉప్పూ నూనే తగ్గించిన చోట పులుపు, మసాలా దినుసులు, వేయించిన ఉల్లి వాసన పెంచారా? రుచి లేని ఆరోగ్యాన్ని ఏ ఇల్లూ ఎక్కువ రోజులు భరించదు. ఇంకో నిజం ఆయన వైపు చూడవలసింది. ఆ ప్యాకెట్ల డబ్బు కూడా ఇంటి తిండి డబ్బే, అది మీ లెక్కలోకి రావడం లేదు అంతే. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ బృందం ఇరవై మందిని నెల రోజులు తమ దగ్గరే ఉంచి, రెండు వారాలు బాగా ప్రాసెస్ చేసిన తిండి, రెండు వారాలు మామూలు తిండి పెట్టింది. వారి ముందు పెట్టిన భోజనాల్లో కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు సమానమే, అందులో ఎంత తినాలన్నది వారి ఇష్టం. అయినా ప్రాసెస్ చేసిన తిండి తిన్న వారాల్లో వారు రోజుకు దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. ప్యాకెట్ తిన్న గంటకే పిల్లలు మళ్లీ ఆకలంటారని మీరు రాసినది చదివినప్పుడు నాకు ఈ ప్రయోగమే గుర్తొచ్చింది.

ప్యాకెట్లు పూర్తిగా నిషేధించవచ్చు. అప్పుడు ఆయన నాన్నగా తెచ్చే సంతోషాన్ని మీరు లాగేసుకున్నట్టు అవుతుంది. అవి ఇంటి బయట తినడం మొదలవుతుంది, మీ ఇద్దరి మధ్య దూరం పెరుగుతుంది. ఏమీ అనకుండా ఊరుకోవచ్చు. అప్పుడు నెలంతా మీరు కూర్చే ప్రతి పైసాకూ అక్కడ చిల్లు పడుతుంది. మూడో దారి, వారంలో ఒక సాయంత్రం ఆయనదని చెప్పి, ఆ ఖర్చుకు ఒక కవరు కేటాయించి, మిగిలిన సాయంత్రాల్లో ఒకరోజు పిల్లలతో కలిసి ఆయననే వండమనడం. పదకొండేళ్ల అమ్మాయి కూరలు తరగగలదు. ఇది మాట్లాడేటప్పుడు ఉత్తరంలో నాకు చెప్పినట్టు ఆయన తప్పులు చెప్పకండి. నెల ఖర్చు కాగితం మీద పెట్టి, ఇద్దరూ కలిసి కలం పట్టుకోండి. ఉద్యోగం పోయాక ఖర్చు గురించి అడిగే హక్కు తగ్గిందని మీరు అనుకుంటున్నట్టు మీ వాక్యాల వెనక వినిపించింది. తగ్గలేదు.

ఇన్ని మార్పుల తర్వాత కూడా డబ్బు చాలకపోవచ్చు. అది మీ పొదుపులో లోపం కాదు, ఆదాయం చాలడం లేదంతే. అప్పుడు బడిలో పెట్టే భోజనమో, ప్రభుత్వం ఇచ్చే ఆహార సాయమో మీ కుటుంబానికి వర్తిస్తుందేమో కనుక్కోండి. తీసుకోవడానికి సిగ్గుపడకండి, ఉద్యోగం ఉన్నన్నాళ్లూ మీరు కట్టిన పన్నులూ అందులో ఉన్నాయి.

వీటన్నిటినీ ఒకే వారంలో మొదలుపెట్టకండి. ఈ నెల ఉప్పు మార్చి, గింజలు ఆపి, ఆ డబ్బుతో కూరలు పెంచండి. పొడి తగ్గించడం వచ్చే నెల చూడవచ్చు. మీవారితో మాట మాత్రం రక్తపరీక్ష ఫలితం చేతికొచ్చిన రోజున మొదలుపెట్టండి, ఆ కాగితం ఆయనకు చూపించండి.

రేపటి నుంచే చేయవలసింది ఒకటి ఉంది. వడ్డించేటప్పుడు నాలుగు పళ్లాల పక్కన అయిదోది కూడా పెట్టి, అందరికీ పెట్టినంత కూర, పప్పు ముందే అందులో వేయండి. పొద్దున గుడ్లు ఉడకబెట్టేటప్పుడు నాలుగు కాదు, అయిదు వేయండి. డబ్బు నాలుగింటికే ఉన్న రోజు మీవారివి రెండింట్లో ఒకటి మీది. రెండు వారాల తర్వాత, పరీక్ష ఫలితంతో పాటు, మీరు తిన్నవన్నీ రాసి నాకు పంపండి. ఈసారి మీ గురించే నాలుగు పేజీలు రాయండి.